నాన్న మారుతి 800కి 13 అంగుళాల వీల్స్: ఇంట్లోనే బిగించొచ్చా?

బత్తాయితోట (నల్లగొండ) · 2025 మార్చి 9, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది దేవరకొండ రోడ్డు మీద ఊరు. నాన్న 2003లో కొన్న మారుతి 800 ఉంది, ఏపీ 24 నంబరు. ఎంపీఎఫ్ఐ ఇంజను, నాలుగు గేర్లు. 2018లో ఒకసారి, 2023లో ఇంకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించాం. రోజూ తిరిగే బండి కాదు. తోటకు, పెళ్లిళ్లకు, ఎప్పుడన్నా హైదరాబాద్‌కు.

పాత 12 అంగుళాల రింగులు తుప్పు పట్టాయి. పోయిన వారం హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో 13 అంగుళాల అల్లాయ్ వీల్స్ నాలుగు తెచ్చాను, టైర్లు లేకుండా 6 వేలు. హ్యుందాయ్ శాంత్రోవి. అమ్మినాయన "నాలుగు బోల్టులే కదా, ఏ చిన్న బండికైనా పడతాయి" అన్నాడు. ఇంటికొచ్చి జాకీ ఎక్కించి పెడితే ఒక బోల్టు దూరుతోంది, ఎదురుది దూరడం లేదు. మా ఊరి వెల్డింగు షాపాయన రంధ్రాలు కొంచెం పెద్దవి చేసిస్తానంటున్నాడు. చేయించొచ్చా? నాన్నకు ఇంకా చెప్పలేదు, అదొక టెన్షన్.

స్టెపిని (సూర్యాపేట) · మార్చి 9, రాత్రి 9:52

కొనేముందు అడగాల్సింది కొన్నాక అడిగినవారి సంఘంలోకి స్వాగతం. నేను వ్యవస్థాపక సభ్యుణ్ణి.

పాలమూరు పానా (మహబూబ్‌నగర్) · మార్చి 9, రాత్రి 10:15

తమ్మీ, రంధ్రాలు పెద్దవి చేయించకు. ముందు అది చెప్పి తర్వాత మిగతాది చెప్తాను.

నాలుగు బోల్టుల మధ్యల మీదుగా ఒక గుండ్రం గీస్తే దాని వ్యాసాన్ని పీసీడీ అంటారు. నాలుగు బోల్టుల బండికి ఇది కొలవడం తేలిక. ఎదురెదురు రంధ్రాల మధ్య నుంచి మధ్యకు టేపు పెట్టు. మారుతి 800కి 114.3 మి.మీ. వస్తుంది. శాంత్రోకి 100. వ్యాసంలో తేడా 14.3, అంటే ఒక్కో రంధ్రం తన చోటు నుంచి 7 మి.మీ. పైన జరగాలి. రంధ్రం పెద్దది చేస్తే నట్టు కూర్చునే వాలు గిన్నె పోతుంది. నట్టు ఆ గిన్నెలో కూర్చుంటేనే చక్రం సరిగ్గా మధ్యకు వస్తుంది, పట్టు ఉంటుంది. గిన్నె పోయిన రింగుతో ఎన్‌హెచ్ 65 ఎక్కితే నార్కట్‌పల్లి దాటకముందే చక్రం నీకంటే ముందు పోతుంది.

ఇంకో సంగతి. వాళ్లు రింగులతో పాటు నట్లు కూడా ఇచ్చి ఉంటే అవి వాడొద్దు. రెండూ 12 మి.మీ.వే, చూస్తే ఒకటే అనిపిస్తాయి. కానీ మారుతి మర పిచ్ (మరలో చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం) 1.25, హ్యుందాయ్‌ది 1.5. చేత్తో రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది. అక్కడ వీల్ పానాకు బలం పెట్టావంటే బోల్టు మర పోయినట్టే.

బత్తాయితోట · మార్చి 9, రాత్రి 10:31

అన్నా, నట్లు ఇచ్చారు. ఒకదానికి బలం పెట్టాను కూడా.

పాలమూరు పానా · మార్చి 9, రాత్రి 10:33

ఎంత?

బత్తాయితోట · మార్చి 9, రాత్రి 10:40

పైపు వేసేంత కాదు. పాత నట్టు మళ్లీ ఎక్కించి చూశాను, చేత్తోనే చివరిదాకా పోయింది. బతికిపోయాను.

మిల్లు గుమాస్తా (మిర్యాలగూడ) · మార్చి 10, ఉదయం 7:05

వెల్డింగు ఎందుకు, అడాప్టర్లు దొరుకుతాయి కదా? ఒకవైపు 114.3, ఇంకోవైపు 100. హబ్‌కు (చక్రం కూర్చునే ఇనుప దిమ్మకు) అడాప్టర్ బిగించి దాని మీద చక్రం. మా బావమరిది వేరే బండికి వేయించాడు, రెండేళ్లుగా తిరుగుతోంది.

పాలమూరు పానా · మార్చి 10, ఉదయం 7:48

తిరుగుతుంది. నేను కాదనడం లేదు. కానీ ఆ అడాప్టర్ దళసరి ఎంతుంటే చక్రం అంత బయటకు వస్తుంది. 800 ముందు చక్రం బేరింగు చిన్నది, దాని మీద పడే మెలి బరువు పెరుగుతుంది. గుంటలో పడిన ప్రతిసారీ స్టీరింగు లాగుతుంది. పైగా ఇప్పుడు నాలుగు నట్లకు బదులు ఎనిమిది నట్లు వదులవ్వొచ్చు, అందులో నాలుగు చక్రం వెనక దాక్కుంటాయి. నెలకోసారి విప్పి చూసే ఓపిక ఉన్నవాళ్లు వేసుకోండి. మీ బావమరిది చూస్తున్నారా?

మిల్లు గుమాస్తా · మార్చి 10, ఉదయం 8:02

అడిగాను. "చూడాలా?" అన్నాడు.

గడియారం సెంటర్ (నల్లగొండ) · మార్చి 10, మధ్యాహ్నం 1:20

మన నల్లగొండ తమ్ముడే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. 13 అంగుళాలే కావాలంటే పాత మారుతి జెన్‌వి వెతుకు. పీసీడీ అదే 114.3, నీ నట్లే పడతాయి. ఇనుప రింగులైతే చవక, వంగినా కొట్టించుకోవచ్చు. మన ఊళ్లలో సీసీ రోడ్డు మీద ఇంటికో స్పీడ్ బ్రేకర్ ఉంది, అల్లాయ్ పగిలితే పారేయడమే.

రింగు పెద్దదైతే టైరు గోడ (రింగు అంచు నుంచి నేల దాకా ఉండే రబ్బరు ఎత్తు) తగ్గాలి, మొత్తం ఎత్తు మాత్రం పెద్దగా మారకూడదు. నీ పాత టైరు 145/70 ఆర్12. వెడల్పు 145, అందులో 70 శాతం గోడ, అంటే 101.5 మి.మీ. పైన కింద కలిపి 203. రింగు 12 అంగుళాలు అంటే 304.8. మొత్తం 507.8 మి.మీ. అదే 145/70 ఆర్13 అయితే 533.2. 5 శాతం ఎక్కువ. 155/65 ఆర్13 వేసినా 531.7, అదీ దాదాపు అంతే ఎక్కువ. మామూలుగా 3 శాతం లోపు ఉంటే మంచిదంటారు. 12 అంగుళాలలోనే 155/70 వేస్తే 521.8, అంటే 2.8 శాతం. నన్నడిగితే పాత రింగులే ఇసుక కొట్టించి పౌడర్ కోటింగు వేయించి వాటికి ఆ 155/70 టైర్లే వేసుకోమంటాను. కానీ నువ్వు వినవు, నీ వయసులో నేనూ వినలేదు.

టైరు పక్కన నాలుగంకెలు చూసి కొను. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనది. గాట్లు ఎంత లోతున్నా ఆరేళ్ల టైరు వద్దు. మన ఎండకు రబ్బరు పగుళ్లు పడుతుంది. పాత టైరు మీద 69 ఎస్ అని ఉంటుంది, 69 అంటే ఒక్క టైరు మోసేది 325 కిలోలు. కొత్తది అంతకంటే తక్కువ ఉండొద్దు.

రూల్స్ మాష్టారు (హాలియా) · మార్చి 10, సాయంత్రం 6:10

నన్ను తిట్టుకున్నా సరే, చెప్పాల్సింది చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో 182ఏ వచ్చింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

రింగు మారిస్తే రేపే పట్టుకుంటారని నేననడం లేదు. ప్రమాదం జరిగి క్లెయిము వేసినప్పుడు ఇన్సూరెన్స్ సర్వేయరు టైర్లు కూడా చూడొచ్చు. కాబట్టి ఇన్సూరెన్స్ వాళ్లకు ముందే రాతపూర్వకంగా చెప్పి, వాళ్ల జవాబు దాచుకో బాబూ. ఫిట్‌నెస్‌కు మళ్లీ 2028లో వెళ్లాలి కదా?

స్టెపిని · మార్చి 10, సాయంత్రం 6:25

అప్పటికి పాత రింగులు వేసుకుని పోతే సరి.

రూల్స్ మాష్టారు · మార్చి 10, సాయంత్రం 6:31

ఇలాంటివి రాయకండి, పిల్లలు చదువుతారు.

మిల్లు గుమాస్తా · మార్చి 10, రాత్రి 8:15

సందర్భం వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మా మిల్లులో పాత అంబాసిడర్ ఉంది, బ్రేకు తొక్కితే ఎడమకు లాగుతుంది...

గడియారం సెంటర్ · మార్చి 10, రాత్రి 8:40

గుమాస్తా గారూ, దానికి వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం. ఇక్కడ 800 కథ ఇంకా తేలలేదు.

పాలమూరు పానా · మార్చి 11, రాత్రి 10:05

తమ్మీ, రింగుల సంగతి అయింది. ఇప్పుడు అసలు మాట. 22 ఏళ్ల బండికి రింగు ఆఖరున వచ్చే సామాను. దాని లోపల ఏముందో ఎప్పుడన్నా చూశావా?

నా కథ చెప్తా. కొన్నేళ్ల కిందట నా 800కి కొత్త టైర్లు, కొత్త సీటు కవర్లు వేయించి ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని శ్రీశైలం బయల్దేరాను. మన్ననూరు దాటి అడవిలో హాయిగా పోయాం. దోమలపెంట దాటాక దిగుడు మొదలైంది కదా, మూడో గేరులో బ్రేకు మీద కాలు పెట్టి దిగుతున్నాను. రెండు మలుపులు తిరిగేసరికి కాలిన వాసన. ఇంకో మలుపుకు పెడల్ మెత్తగా అయిపోయింది, తొక్కుతుంటే లోపలికి పోతోంది. ఒకటో గేరులోకి దించి, హ్యాండ్ బ్రేకు లాగి, కొండ వైపు ఆపాను. మా అమ్మ అప్పటిదాకా చెంచుల కథలు చెప్తోంది, ఆపిన తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు. చల్లారాక మెల్లగా దిగాం. మర్నాడు విప్పిస్తే బ్రేకు ప్యాడ్లు రేకు దాకా అరిగాయి. బ్రేకు ఆయిల్ టీ డికాక్షన్ రంగులో ఉంది. ఆ ఆయిల్ గాలిలో తేమను పీలుస్తుంది. వేడెక్కితే ఆ నీరు ఆవిరై గొట్టాల్లో బుడగలు కడుతుంది, బుడగను ఎంత నొక్కినా బ్రేకు పట్టదు. టైర్లకు పెట్టిన డబ్బుల్లో పదో వంతు పెట్టి ఉంటే ఆ రోజు అది జరిగేది కాదు.

కాబట్టి చక్రాలు ఎలాగూ విప్పుతావు. విప్పినప్పుడు ముందు ప్యాడ్లు, వెనక డ్రమ్ముల్లో షూలు, చక్రం సిలిండర్ దగ్గర చెమ్మ ఉందా, డ్రైవ్ షాఫ్ట్ (ముందు చక్రాన్ని తిప్పే కడ్డీ) రబ్బరు బూట్లు చిరిగాయా చూడు. చక్రం బిగించి ఉన్నప్పుడు జాకీ మీద పైన కింద పట్టుకుని ఊపు, ఆడితే బేరింగో బాల్ జాయింటో. పక్కలకు పట్టుకుని ఊపినప్పుడు ఆడితే టై రాడ్ ఎండ్, అంటే స్టీరింగును చక్రానికి కలిపే కీలు. షాకబ్జార్ మీద నూనె కారిన మరక ఉంటే అది అయిపోయినట్టే.

ప్యాడ్లు ఇంట్లో మార్చుకోవచ్చు. ముందు షాకబ్జార్ జోలికి మాత్రం ఇంట్లో పోకు. దాని చుట్టూ స్ప్రింగు బిగబట్టి ఉంటుంది, పైనట్టు విప్పితే బాణంలా వస్తుంది. దానికి స్ప్రింగును అదిమిపట్టే క్లాంపులు కావాలి, షాపులోనే చేయించు.

బత్తాయితోట · మార్చి 12, ఉదయం 6:50

అన్నా, చదివి నిద్ర పట్టలేదు. ఈ ఆదివారం విప్పుతాను. ఏమేం కావాలి?

పాలమూరు పానా · మార్చి 12, ఉదయం 7:30

నీ దగ్గర ఉన్న వీల్ పానా, 10 నుంచి 19 దాకా రింగు పానాలు, గట్టి తీగ ముక్క, సీసాడు డాట్ 3 బ్రేకు ఆయిల్, కొత్త ప్యాడ్లు. మీ ఇంటి ముందు నేలేంటి?

బత్తాయితోట · మార్చి 12, ఉదయం 7:36

ఎర్రమట్టి. కొట్టం ముందు కొంచెం బండలు పరిచి ఉన్నాయి.

పాలమూరు పానా · మార్చి 12, ఉదయం 7:41

బండల మీదే పెట్టు. జాకీ కింద దళసరి చెక్క. చక్రం నేల మీద ఉన్నప్పుడే నట్లు అర చుట్టు వదులు చెయ్యి, తర్వాత ఎత్తు. ఎత్తాక విప్పిన చక్రాన్ని గుమ్మం కింద బాడీకి అడ్డంగా పడుకోబెట్టు. జాకీ జారితే బండి చక్రం మీద పడుతుంది, నీ మీద కాదు. మిగతా చక్రాలకు ముందు వెనక రాళ్లు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద తల పెట్టావంటే ఇక్కడ నీకు జవాబివ్వను.

గడియారం సెంటర్ · మార్చి 12, ఉదయం 9:10

రింగు తుప్పుతో హబ్‌కు అతుక్కుంటే సుత్తితో కొట్టకు. నట్లు ఒక్కో చుట్టు వదులు చేసి ఉంచి, చక్రం నేలకు దించి, బండిని ముందుకు వెనక్కు ఓ అడుగు తొయ్యి. టక్కుమని వదిలేస్తుంది. హబ్ మీద తుప్పు వైర్ బ్రష్‌తో గీకి కొత్త రింగు పెట్టు, లేకపోతే రింగు సాపుగా కూర్చోదు.

బత్తాయితోట · మార్చి 16, రాత్రి 8:55

అయింది. జరిగినవన్నీ రాస్తాను, ఒకటి కాస్త సిగ్గుచేటు.

జెన్ రింగులు నాలుగు, మన నల్లగొండలోనే పాత సామాను షాపులో దొరికాయి. కొనే ముందు ఒక్కోదాన్నీ వాళ్ల బ్యాలెన్సింగు యంత్రం మీద తిప్పించాను. ఒకటి వంకర తిరిగింది, మార్చి ఇచ్చారు. నాన్నకు చెప్పేశాను. ఆయన శాంత్రో అల్లాయ్‌లు చూసి "బాగున్నాయిరా, కోళ్లకు నీళ్లు పెట్టొచ్చు" అన్నాడు.

ఇవాళ పొద్దున ఏడింటికి మొదలుపెట్టాం. కుడివైపు ప్యాడ్లు సగం ఉన్నాయి, ఎడమవైపు లోపలి ప్యాడ్ దాదాపు రేకు. ఎందుకంటే క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) జారే పిన్ను తుప్పు పట్టి బిగుసుకుంది. దాన్ని గీకి గ్రీజు రాశాను. క్యాలిపర్‌ను గొట్టం మీద వేలాడనీయకుండా తీగతో కట్టాను. పిస్టన్‌ను మెల్లగా లోపలికి అదిమాను, పైన డబ్బాలో ఆయిల్ పొంగబోయింది, ముందే కొంచెం తీసి ఉంచాను కాబట్టి సరిపోయింది. మడ్‌గార్డు మీద రెండు చుక్కలు పడితే వెంటనే నీళ్లు పోశాను, రంగు ఊడకుండా. కొత్త ప్యాడ్లు, చక్రాలు, నట్లు ఎదురెదురుగా బిగింపు, అన్నీ మీరు చెప్పినట్టే.

సాయంత్రం నాలుగైంది. సంతోషంలో బండి ఎక్కి స్టార్ట్ చేసి రివర్స్ వేశాను. బ్రేకు తొక్కితే పెడల్ నేలకు పోయింది. ఇంకోసారి తొక్కేలోపు గడ్డివాములోకి దూరాను. ప్యాడ్లు మార్చాక కదిలించే ముందు పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి పిస్టన్లను ప్యాడ్ల దాకా తేవాలని నాకెవరూ చెప్పలేదు!

బండికి ఏం కాలేదు. గేదె బెదిరింది. పక్కింటి వాళ్లంతా వచ్చారు.

స్టెపిని · మార్చి 16, రాత్రి 9:01

నల్లగొండ జిల్లాలో గడ్డి పరిచిన పార్కింగు సౌకర్యం.

పాలమూరు పానా · మార్చి 16, రాత్రి 9:20

తప్పు నాది తమ్మీ. నా చేతికి అలవాటైపోయి రాయడం మర్చిపోయాను. ఇది చదివేవాళ్లంతా చూసుకోండి: ఇంజను స్టార్ట్ చేయకముందే పెడల్ గట్టిపడే దాకా తొక్కాలి, తర్వాత డబ్బాలో ఆయిల్ మట్టం చూడాలి. ఆ పాత ఆయిల్ కూడా మార్చావా?

బత్తాయితోట · మార్చి 16, రాత్రి 9:28

లేదన్నా. అదీ, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద పట్టి ఉంచే కడ్డీ) రబ్బరు బుష్‌లూ రేపు మెకానిక్ దగ్గర. బుష్‌లు ప్రెస్సు మీద ఎక్కించాలట. అవి మార్చాకే వీల్ అలైన్‌మెంట్ చేయిస్తాను, ముందు చేయిస్తే డబ్బులు దండగ కదా?

పాలమూరు పానా · మార్చి 16, రాత్రి 9:30

అంతే. నేర్చుకున్నావ్. 50 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ ఒకసారి బిగించు. చేతి పానాతో, కాలు పెట్టి తొక్కకు.

గడియారం సెంటర్ · మార్చి 17, ఉదయం 8:15

ఇంకో పరీక్ష మిగిలింది. మడ్‌గార్డు లోపలి అంచుకు తడి ముగ్గుపిండి రాయి. ఐదుగురిని ఎక్కించి, స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూ మెల్లగా స్పీడ్ బ్రేకర్ ఎక్కించు. టైరు ఎక్కడ రాసుకుంటే అక్కడ పిండి తుడిచేసి ఉంటుంది.

బత్తాయితోట · మార్చి 23, రాత్రి 7:40

ముగ్గు పరీక్ష చేశాను, అమ్మ డబ్బాలోంచి తీసినందుకు తిట్లు పడ్డాయి. కుడివైపు పూర్తిగా తిప్పినప్పుడు మడ్ ఫ్లాప్ బిగించిన స్క్రూ తలకు టైరు తగులుతోంది. చిన్న స్క్రూ వేసి లోపలికి తిప్పాను, ఇప్పుడు తగలడం లేదు. ఇన్సూరెన్స్ వాళ్లకు మెయిల్ పెట్టాను, మాష్టారూ. జవాబు ఇంకా రాలేదు.

కానీ ఒక బాధ. మైలేజీ పడిపోయింది. ఇదివరకు లీటరుకు 18 వచ్చేది. ట్యాంకు నింపి మళ్లీ నింపితే 342 కిలోమీటర్లకు 20 లీటర్లు పట్టింది. అంటే 17.1. బుష్‌లు, ప్యాడ్లు అన్నీ కొత్తవే కదా, పెరగాలి గానీ తగ్గడమేంటి?

గడియారం సెంటర్ · మార్చి 23, రాత్రి 8:30

తగ్గలేదు. నీ మీటరు అబద్ధం చెప్తోంది. మీటరు లెక్కపెట్టేది చక్రం తిరుగుళ్లనే. పాత చక్రం ఒక చుట్టుకు 159.5 సెంటీమీటర్లు పోయేది, ఇప్పుడు 145/70 ఆర్13తో 167.5 పోతోంది. బండి నడిచింది 342 కాదు, దాన్ని 1.05తో గుణించు, 359. ఇరవై లీటర్లకు 359 అంటే 17.95. నీ పద్దెనిమిది ఎక్కడికీ పోలేదు.

ఇదే లెక్క వేగానికీ వర్తిస్తుంది. మీటరులో 80 చూపిస్తే నువ్వు 84లో ఉన్నావు. హైవే మీద స్పీడు కెమెరాలు నీ మీటరును చూడవు.

పాలమూరు పానా · మార్చి 23, రాత్రి 8:52

ఎక్కుడులో కూడా గమనించు. చక్రం పెద్దదైతే లాగుడు అదే 5 శాతం తగ్గుతుంది. 37 హార్స్ పవర్ బండికి అది తెలుస్తుంది, ఇదివరకు మూడో గేరులో ఎక్కిన చోట రెండుకు దించాల్సి వస్తుంది.

బత్తాయితోట · మార్చి 23, రాత్రి 9:05

అవునన్నా! సాగర్ పోయొచ్చాం, తిరిగి వచ్చేటప్పుడు ఎక్కుడులో గుంజలేదు. ఏసీ వేశానేమోలే అనుకున్నాను. కానీ బ్రేకు వేస్తే ఎడమకు లాగే అలవాటు పోయింది. నాన్న నడుపుతూ మూడుసార్లు ఊరికే తొక్కి చూశాడు. వెనక నుంచి బైకాయన తిట్టాడు.

శాంత్రో 2006 (వనపర్తి) · మార్చి 24, ఉదయం 6:20

చర్చ మొత్తం చదివాను. బత్తాయితోట గారూ, ఆ అల్లాయ్‌లు ఇంకా ఉన్నాయా? నా దానికి పీసీడీ 100, టైరు 155/70 ఆర్13. కోళ్లకు ఇవ్వకపోతే నేను తీసుకుంటాను. కల్వకుర్తి ఇద్దరికీ మధ్యలో పడుతుంది, అక్కడ కలుద్దాం.

బత్తాయితోట · మార్చి 24, ఉదయం 6:45

ఉన్నాయండీ. 6 వేలకు తెచ్చాను, 5 ఇవ్వండి చాలు. హ్యుందాయ్ నట్లు కూడా ఉన్నాయి, మీకైతే పడతాయి.

శాంత్రో 2006 · మార్చి 24, ఉదయం 6:49

మధ్యలో మూతలు?

బత్తాయితోట · మార్చి 24, ఉదయం 7:10

మూడు ఉన్నాయి. నాలుగోది గడ్డివాములో వెతకాలి.